ముందే తెలిసిపోయే కథ చదివితే తప్పేంటి?

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. సెలవుల్లో మా తమ్ముడు బెంగళూరు నుంచి వస్తూ పాత పుస్తకాల షాపులో కొన్న ఐదు ఇంగ్లీషు నవలలు తెచ్చిచ్చాడు. డేవిడ్ ఎడ్డింగ్స్ రాసిన 'ది బెల్గారియడ్' సిరీస్. అన్నం దగ్గర కూడా పుస్తకం వదలకుండా రెండు భాగాలు పూర్తి చేసింది. మూడోది చదువుతుండగా తన ఫ్రెండ్ వాళ్ల అన్నయ్య, ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఇలాంటివి చాలా చదివాడట, "ఇదింకా చదువుతున్నావా? వంటింట్లో పెరిగిన అనాథ కుర్రాడే రాజని మొదట్లోనే తెలిసిపోతుంది, చిన్నపిల్లల కథ" అన్నాడట. అంతే, ఆ రోజు నుంచి ముట్టుకోలేదు. అడిగితే "అదంత గొప్పదేం కాదులే మమ్మీ" అంటోంది. పాఠకులు ఏమంటున్నారో చూద్దామని నేనూ వెతికాను. సగం మంది ఆకాశానికెత్తారు, సగం మంది తీసిపారేశారు. వెతుకుతుంటే ఇంకో సంగతి తెలిసింది. ఈ రచయిత, ఆయన భార్య పిల్లల్ని హింసించిన కేసులో జైలుకెళ్లారట. మా తమ్ముడు "అయితే పారేయక్కా" అంటున్నాడు. మా వారు "కథకీ దానికీ సంబంధమేంటి" అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. పిల్లకు చెప్పాలా, వద్దా? చదవమనాలా, వద్దా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మీ అమ్మాయి పుస్తకం పక్కన పెట్టింది విసుగొచ్చి కాదు. విసుగొస్తే పిల్లలు బోర్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అన్నం దగ్గర కూడా వదల్లేదంటే ఆ కథ ఆమెను బాగా పట్టుకుందన్నమాట. తనకంత నచ్చినదాన్ని తనకంటే పెద్దవాడు, ఎక్కువ చదివినవాడు తేలిగ్గా కొట్టిపారేసేసరికి, నచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గేసింది. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. రచయిత సంగతి చిన్నదని కాదు, దానికీ వస్తాను. కానీ పద్నాలుగేళ్ల వయసులో ఎవరో నవ్వుతారని తన ఇష్టాన్ని దాచుకోవడం అలవాటైతే, అది ఈ ఐదు పుస్తకాలతో ఆగదు. ముందు దాని గురించి మాట్లాడుకుందాం.

ఒక మనవి. జవాబు చెప్పాలంటే నాలుగో పుస్తకంలోని కథ కొంత చెప్పక తప్పదు. మీరు చదవండి. అమ్మాయికి మాత్రం ఐదూ అయ్యాకే చూపించండి.

ఆ అబ్బాయి చెప్పింది నిజమే. మొదటి పుస్తకం 'పాన్ ఆఫ్ ప్రొఫెసీ' 1982లో వచ్చింది. కథ మొదలవ్వకముందే పురాణంలాంటి ఒక ముందుమాట ఉంటుంది. దేవతల మధ్య యుద్ధం, ఆల్డర్ అనే దేవుడి మహిమగల మణి, దాన్ని ఎత్తుకుపోయిన టోరాక్ అనే దేవుడు, ఆ మణే అతని ముఖాన్ని సగం కాల్చేయడం, తర్వాత ఒక రాజూ ఆయన ముగ్గురు కొడుకులూ వెళ్లి దాన్ని తిరిగి తెచ్చుకోవడం. మణిని చేత్తో పట్టుకోగలిగింది రివా అనే కొడుకు ఒక్కడే. మణి రివా వంశం చేతిలో ఉన్నంతకాలం పడమటి రాజ్యాలకు భయం లేదు. ఇదంతా చెప్పి, పేజీ తిప్పగానే రచయిత మనల్ని ఫాల్డర్ అనే రైతు ఇంటి వంటగదిలోకి తీసుకెళ్తాడు. అక్కడ అమ్మానాన్న లేని ఒక పిల్లాడు. అరచేతిలో పుట్టుకతో వచ్చిన మచ్చ. వాడెవరో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఎడ్డింగ్స్ దాచాలని ప్రయత్నించనూ లేదు.

కానీ ఆ పిల్లాడికి, గారియన్‌కి, తానెవరో తెలిసేది నాలుగో పుస్తకంలో. అంటే మూడు పుస్తకాల పొడుగునా మనకు తెలిసింది వాడికి తెలియదు. వాణ్ణి పెంచిన ఆంట్ పోల్‌కి తెలుసు, కథలు చెప్పే ముసలాయన మిస్టర్ వుల్ఫ్‌కి తెలుసు. ఇద్దరూ నోరు విప్పరు. మనం వాడి పక్కనే నడుస్తూ, వాడు గిన్నెలు కడుగుతుంటే చూస్తూ, అలిగి మూలన కూర్చుంటే చూస్తూ, ఎప్పుడు తెలుస్తుందా, తెలిసినప్పుడు ఏమైపోతాడా అని ఎదురుచూస్తాం. ఈ సిరీస్ ప్రాణమంతా ఆ ఎదురుచూపులోనే ఉంది. "ఎవరు వారసుడు?" అనేదే ఇందులో ప్రశ్న అనుకుంటే ఆ అబ్బాయి మాటే కరెక్టు, ముప్ఫై పేజీలకే జవాబు దొరికిపోతుంది. కానీ ఈ రకం కథలు ఆ ప్రశ్న మీద ఎప్పుడూ నడవలేదు.

మనకిది బాగా తెలిసిన విషయమే. కర్ణుడు కుంతి కొడుకని భారతం వినేవాళ్లకు ఆదిపర్వంలోనే తెలుసు. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుడు అడుగుపెట్టగానే కుంతి ఎందుకు మూర్ఛపోయిందో సభలో ఎవరికీ తెలియదు, వింటున్న మనకు తెలుసు. కృష్ణుడు కర్ణుణ్ణి పక్కకు పిలిచి ఆ మాట ఎత్తేది ఉద్యోగపర్వంలో. మధ్యలో ఎన్ని పర్వాలు గడిచాయి! ముందే తెలుసు కదా అని ఎవరూ భారతం మధ్యలో లేచిపోలేదు. మొన్నమొన్నటి 'బాహుబలి' తీసుకోండి. 2015లో టికెట్ కొన్నవాళ్లలో శివుడెవరో తెలియనివాళ్లు ఎవరున్నారు? అయినా కట్టప్ప అతని ముఖం చూసి, మోకాళ్ల మీద పడి, ఆ పాదాన్ని తన తల మీద పెట్టుకున్నప్పుడు హాలు హాలంతా ఊగిపోయింది. మనకు ముందే తెలియబట్టే ఆ సీను అంత బలంగా తగిలింది. శివుడికి ఇంకా తెలియదు, ఆ ముసలాయనకు ఇప్పుడే తెలిసింది, మనకు మొదటినుంచీ తెలుసు. మూడు రకాల ఎరుక ఒక్క క్షణంలో కలుసుకుంది.

మీ అమ్మాయి చదువుతున్నదీ అలాంటి కథే. అందుకే, ముందే తెలిసిపోయిందని చెప్పేవాళ్లు కథను తప్పు కొలతతో కొలుస్తున్నారని నా అభిప్రాయం. డిటెక్టివ్ నవలకు ఆ కొలత సరిపోతుంది, దీనికి సరిపోదు.

రెండు మూడు ఘట్టాలు దగ్గరగా చూపిస్తాను. మొదటి పుస్తకంలోనే గారియన్‌కి తన ఆంట్ పోల్ మామూలు మనిషి కాదని, వేల ఏళ్లుగా బతుకుతున్న పోల్గారా అనే మంత్రగత్తె అని తెలుస్తుంది. అద్భుతం అని గంతులేయాల్సిన చోట ఆ పిల్లాడు కుంగిపోతాడు. ఈమె నాకు నిజంగా చుట్టమే కాకపోతే, ఇక నాకు ఈ లోకంలో ఎవరున్నారు? వాడికి మణులూ యుద్ధాలూ అక్కర్లేదు, తనదనుకున్న ఒకే ఒక్క మనిషి తనది అవునో కాదో కావాలి. వంశమంటే ఏమిటో పద్నాలుగేళ్ల పిల్లాడికి ఎలా అర్థమవుతుందో ఇంత సూటిగా చెప్పిన సీన్లు ఈ జాతి నవలల్లో తక్కువ.

రెండో పుస్తకంలో ఇంకొకటి ఉంది. అషరాక్ అనేవాడే తన అమ్మానాన్నలున్న ఇంటికి నిప్పు పెట్టి చంపాడని గారియన్‌కి తెలుస్తుంది. మచ్చ ఉన్న అరచేతిని వాడి చెంపకు ఆనించి, కాలిపో అంటాడు. వాడు నిలువునా కాలిపోతాడు. మామూలు సాహసకథలో అయితే ఇక్కడ ఈలలు పడాలి. ఇందులో ఆ పిల్లాడు తాను చేసినదానికి తానే వణికిపోతాడు, ఆ శక్తి తనకొద్దంటాడు, పోల్ మీద విరుచుకుపడి అనరాని మాటలంటాడు. మీ అమ్మాయి ఇది చదివేసింది. ఎలా అనిపించిందో అడిగి చూడండి.

ఇక మూడో పుస్తకం. ఒక గుహలో గుర్రం ఈనుతుంది. పిల్ల చచ్చి పుడుతుంది. గారియన్ అదే చేత్తో దాన్ని తాకి, బతకాలని గట్టిగా అనుకుంటాడు. గుర్రప్పిల్ల కదులుతుంది. దాని భుజం మీద, వాడి అరచెయ్యి ఆనిన మేర, తెల్లటి మచ్చ మిగిలిపోతుంది. మనిషిని కాల్చి చంపిన చెయ్యే ప్రాణం పోసింది. వాడు రాజవుతాడా లేదా అనేది ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు. మీ అమ్మాయి ఆగిన చోటు దీనికి ముందో తర్వాతో నాకు తెలియదు గానీ, ఇది చదవకుండా మానేస్తే మాత్రం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నాలుగో పుస్తకం 'కాజిల్ ఆఫ్ విజార్డ్రీ' 1984లో వచ్చింది. రివా రాజసభలో, అందరి ముందూ, మణి గారియన్ చేతికి వస్తుంది, గోడకున్న పెద్ద కత్తి మంటలాగా వెలుగుతుంది. మనం మూడు పుస్తకాలుగా ఎదురుచూసిన ఘడియ అది. వాడికి మాత్రం సంతోషం లేదు, భయం ఉంది. పక్కనే నిలబడ్డ రాకుమారి సెనెడ్రా పరిస్థితి ఇంకా ఘోరం. వంటింటి కుర్రాడని దారి పొడుగునా చులకన చేసిన పిల్లాణ్ణే, పాత ఒప్పందం ప్రకారం, తాను పెళ్లాడాలి. సీను చాలా సరదాగానూ ఉంటుంది, గుండె పట్టేసేలానూ ఉంటుంది.

ఇంత మెచ్చుకున్నాను కదా, పాఠకుల ఫిర్యాదులన్నీ ఉత్తవేనని అనుకోకండి. కొన్నింటితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఈ సిరీస్‌లో ఒక్కో దేశానికి ఒక్కో గుణం అంటగట్టేశారు. సెండారియా వాళ్లు ఆచితూచి నడిచే మంచి మనుషులు, డ్రాస్నియా వాళ్లు గూఢచారులు, టోల్నెడ్రా వాళ్లకు డబ్బే లోకం, తూర్పున ఉన్న ముర్గోలు క్రూరులు, థల్లులు మందబుద్ధులు. ఒక జాతి జాతంతా పుట్టుకతోనే చెడ్డదని చెప్పడం కథలో అయినా సరే తప్పే. తర్వాత 1987 నుంచి 1991 దాకా వచ్చిన రెండో సిరీస్ 'ది మల్లోరియన్'లో దీన్ని కొంత సరిచేశారు. ముర్గోల రాజు ఉర్గిట్ మనకు నచ్చే మనిషిగా కనిపిస్తాడు, శత్రు చక్రవర్తి జకాథ్ గారియన్‌కి స్నేహితుడవుతాడు. కానీ మొదటి ఐదు పుస్తకాల్లో ఆ లోపం లోపమే. ఆడవాళ్ల సంగతీ అంతే. పోల్గారా అంతటి శక్తిమంతురాలు కథలో సగం భాగం వండుతూ, బట్టలు కుడుతూ, మగాళ్లను గదమాయిస్తూ కనిపిస్తుంది. సెనెడ్రా అలకలు ఒక దశ దాటాక విసుగనిపిస్తాయి. మీ అమ్మాయి ఈ విషయాలు తనకు తానే గమనించి ఉండొచ్చు. ఈ కాలం పిల్లలు ఇలాంటివి మనకంటే ముందే పట్టేస్తారు.

అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు ఇంకొకటి ఉంది. గొప్పవాడు కావాలంటే రాజు రక్తమే ఉండాలా? మన దేశంలో ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేయలేం. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే పద్ధతి మన ఇళ్ల చుట్టూ ఇంకా ఉంది. ఇందాక చెప్పిన అస్త్రవిద్యా ప్రదర్శనలో కృపాచార్యుడు కర్ణుణ్ణి నీ వంశమేదని అడిగి నోరు మూయించిన ఘట్టం మనకు ఇప్పటికీ గుచ్చుకుంటుందంటే కారణం అదే. ఎడ్డింగ్స్ కథలో దీనికి సగం జవాబు ఉంది. రివా రాజవంశం తుడిచిపెట్టుకుపోయిందని లోకం అనుకున్నాక, మిగిలిన వారసుల్ని పోల్గారా తరతరాలుగా మామూలు పనివాళ్లుగా పెంచుకుంటూ వచ్చింది. గారియన్ తండ్రి రాళ్లు చెక్కేవాడు. గారియన్‌లో మనకు నచ్చేదంతా, ఓపిక, కష్టపడే గుణం, తోటివాళ్లమీద దయ, ఫాల్డర్ పొలంలో అబ్బిందే. వంశం వాడికి మణిని పట్టుకునే హక్కు ఇచ్చిందంతే. మిగతా సగం జవాబు ఈ కథలో లేదు. కత్తి మాత్రం రక్తాన్నే గుర్తుపడుతుంది, డర్నిక్ లాంటి కమ్మరి ఎంత మంచివాడైనా దాన్ని తాకలేడు.

ఆ మిగతా సగం కావాలంటే మీ అమ్మాయికి తర్వాత ఇవ్వాల్సిన పుస్తకాలు లాయిడ్ అలెగ్జాండర్ రాసిన 'ది క్రానికల్స్ ఆఫ్ ప్రిడెయిన్'. 1964 నుంచి 1968 దాకా ఏడాదికొకటి చొప్పున వచ్చిన ఐదు చిన్న నవలలు. ఇందులో నాయకుడు టారన్ పందుల్ని కాసే కుర్రాడు. తానూ ఏ గొప్పింటి బిడ్డనో అయ్యుంటానని ఆశపడి, నాలుగో పుస్తకంలో అమ్మానాన్నల్ని వెతుక్కుంటూ బయల్దేరతాడు. ఒక పేద గొర్రెల కాపరి నేనే నీ తండ్రినంటాడు. టారన్ సిగ్గుతో చితికిపోతాడు, ఆ సిగ్గుకు మళ్లీ సిగ్గుపడతాడు. చివరికి ఆ ముసలాయన చెప్పింది అబద్ధమని తేలుతుంది. ఐదో పుస్తకంలో టారన్ రాజవుతాడు గానీ, తల్లిదండ్రులెవరో అప్పటికీ తెలియదు. ఆ ఐదో పుస్తకానికి 1969లో, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ వచ్చింది. బెల్గారియడ్ అయ్యాక ఇవి చదివితే, మరుగున పెరిగిన వారసుడి కథను రెండు రకాలుగా ఎలా నడపొచ్చో ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. అప్పుడు ఫ్రెండ్ వాళ్ల అన్నయ్యతో వాదించడానికి ఆమె దగ్గర సొంత సరుకు ఉంటుంది.

పాఠకుల్లో సగం మంది పొగిడారు, సగం మంది తెగిడారు అన్నారు మీరు. దానికి కంగారు పడకండి. టోల్కీన్ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అచ్చయిన తొలి రోజుల్లోనే కవి ఆడెన్ దాన్ని తలకెత్తుకున్నాడు, 1956లో విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ దాన్ని చీల్చి చెండాడాడు. ఇద్దరూ సామాన్యులు కాదు. టోల్కీన్ 1965లో రెండో ముద్రణకు రాసుకున్న ముందుమాటలో దీని గురించి ఒక మంచి సంగతి చెప్పాడు. కొందరు పాఠకులకు మచ్చగా కనిపించిన భాగాలే ఇంకొందరికి ప్రత్యేకంగా నచ్చాయట. పుస్తకం మీద వచ్చిన ఫిర్యాదుల్లో తాను ఒప్పుకునేది ఒక్కటేనట, అది మరీ చిన్నదిగా ఉందని! పన్నెండేళ్లకు పైగా ఆ నవల రాసిన మనిషి, వచ్చిన అభిప్రాయాలన్నీ చదివి, చివరికి తేల్చింది అదీ.

ఆ నవలలోనూ మరుగున పడిన వారసుడున్నాడు, ఆరగార్న్. సత్రంలో ఒక మూల కూర్చున్న ఆ మనిషి ఎవరో మొదటిసారి రాసినప్పుడు తనకే తెలియదని టోల్కీన్ 1955లో ఆడెన్‌కు రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. తొలి చిత్తుప్రతుల్లో ఆ పాత్ర రాజు కాదు, చెక్క బూట్లు తొడుక్కున్న ఒక హాబిట్, అంటే ఆ కథలోని పొట్టి మనుషుల్లో ఒకడు. కాబట్టి వారసుడి కథ అంటే ముందే గీసిపెట్టిన ముగ్గు మీద పిండి పోయడమే అనుకోనక్కర్లేదు.

అభిప్రాయం ఎవరిదైనా, దాని వెనక ఒక వయసు, ఒక చదువు ఉంటాయి. పన్నెండేళ్లప్పుడు ఇదే మొదటి ఫాంటసీగా చదివినవాళ్లకు సిల్క్ అనే దొంగ, బారక్ అనే భారీ మనిషి, డర్నిక్ అనే కమ్మరి చుట్టాల్లాంటివాళ్లు. ముప్ఫై అయిదేళ్లకు, ఇలాంటివి పాతిక చదివాక చేతిలోకి తీసుకున్నవాళ్లకు ఇది అరిగిపోయిన కథ. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కానీ రెండోవాళ్ల అలసటను మొదటిసారి చదువుతున్న పిల్ల ఎందుకు మోయాలి? ఆ ఇంజినీరింగ్ అబ్బాయి కూడా ఒకప్పుడు ఏదో ఒక పుస్తకాన్ని ఇలాగే తిండి మానేసి చదివే ఉంటాడు. అతన్ని ఆ మాట అడగమని మీ అమ్మాయికి చెప్పండి. మంచి కుర్రాడైతే వాళ్లిద్దరి మధ్య చక్కటి సంభాషణ నడుస్తుంది.

ఇప్పుడు రచయిత సంగతి. మీరు చదివింది నిజం. 1970లో అమెరికాలో డేవిడ్ ఎడ్డింగ్స్, ఆయన భార్య లీ, దత్తత తీసుకున్న పిల్లల్ని హింసించిన కేసులో దోషులుగా తేలారు. ఇద్దరూ ఏడాది జైలుశిక్ష అనుభవించారు. పిల్లలు వాళ్ల చేతుల్లోంచి వెళ్లిపోయారు. ఇది జరిగిన పన్నెండేళ్లకు బెల్గారియడ్ మొదలైంది. పాఠకుల్లో ఎక్కువమందికి ఈ విషయం ఆయన పోయిన తర్వాతే తెలిసింది. లీ 2007లో, డేవిడ్ 2009లో చనిపోయారు. కవర్ మీద ఆయన పేరొక్కటే ఉన్నా పుస్తకాలు ఇద్దరూ కలిసే రాశారు, ఆమె పేరు 1995 నుంచి అచ్చయింది.

కథకీ దానికీ సంబంధం లేదన్న మీవారి మాటతో నేను ఏకీభవించలేను. వేరే రకం కథ అయితే ఏమో గానీ, ఇది తల్లిదండ్రులు లేని పిల్లాణ్ణి ఒక పెంపుడు తల్లి గుండెల్లో పెట్టుకుని పెంచే కథ. పోల్ వాడి చెవులు కడిగే సీను, జ్వరానికి కషాయం తాగించే సీను చదువుతుంటే, ఆ రాసిన చేతులు ఏం చేశాయో తెలిసినవాళ్లకు ఒళ్లు జలదరించక మానదు. చాలామంది పాఠకులు ఆ కారణంగానే చిన్నప్పుడు ప్రాణంగా చూసుకున్న ఈ పుస్తకాల్ని మళ్లీ తెరవలేకపోతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. చేసిన పాపానికి ప్రాయశ్చిత్తంగా ఇంత ప్రేమ నిండిన కథ రాశారేమో అని అనుకోవాలనీ కొందరికి అనిపిస్తుంది. ఆ మాట మనం అనకూడదు. క్షమించే హక్కు ఉంటే ఆ పిల్లలకే ఉంటుంది.

అలాగని మీ తమ్ముడు చెప్పినట్టు పారేయడమూ సరైన దారి కాదు. చెప్పకుండా పుస్తకాలు మాయం చేస్తే, ఆ అబ్బాయి ఒక్క మాటతో ఆమె చేతిలోంచి పుస్తకం లాగేసినట్టే మీరూ లాగేసినవాళ్లవుతారు. ఈసారి కారణం కూడా తెలియదు. డబ్బు గురించి ఆలోచిస్తుంటే, పాత షాపులో కొన్న ప్రతులకు ఎవరికీ రాయల్టీ వెళ్లదు. వాళ్ల ఆస్తి కూడా చివరికి రీడ్ కాలేజీకి, ఉబ్బసం మీద పరిశోధన చేసే ఒక ఆసుపత్రికి రాసి వెళ్లారు.

చెప్పాలా అంటే, చెప్పండి. పద్నాలుగేళ్ల పిల్ల రచయిత పేరు ఎప్పుడో ఒకప్పుడు ఫోన్‌లో వెతుకుతుంది. ఒంటరిగా, అర్ధరాత్రి, ఆ వివరాలన్నీ చదువుకునేకంటే మీ నోటి నుంచి వినడం మేలు. ఈ వారంలోనే, ఇంట్లో ఇద్దరే ఉన్న పూట చూసుకుని చెప్పండి. నాలుగు వాక్యాలు చాలు. వీళ్లు ఈ పుస్తకాలు రాయకముందు తమ దగ్గర పెరుగుతున్న పిల్లల్ని హింసించారు, దొరికిపోయారు, శిక్ష పడింది, ఆ పిల్లల్ని వాళ్ల దగ్గర నుంచి తీసేశారు. కేసు వివరాల్లోకి వెళ్లకండి, ఆమె అడిగితే తప్ప. ఏడిస్తే ఏడవనివ్వండి. కోపం వస్తే రానివ్వండి. "నాకు నచ్చిన ఆంట్ పోల్ అంతా అబద్ధమా?" అని అడుగుతుందని నా అంచనా. అప్పుడు, చదువుతున్నప్పుడు నీకు కలిగిన ఇష్టం నీది, దాన్ని వాళ్లు ఇవ్వలేదు, వాళ్లు తీసుకుపోలేరు అని చెప్పండి. ఆ తర్వాత చదువుతుందో మానేస్తుందో ఆమె ఇష్టం. ఈ కారణంతో మానేస్తే అది ఆమె సొంత నిర్ణయం, గౌరవించాల్సింది. ఎవరో చిన్నపిల్లల కథ అన్నారని మానేయడం వేరు.

ఇంకో పని కూడా చేయొచ్చు. మొదటి పుస్తకం మీరే తీసుకుని చదవడం మొదలుపెట్టండి. ఇంగ్లీషు కష్టం కాదు, వాక్యాలు తేలిగ్గా ఉంటాయి. ఎక్కడైనా అర్థం కాకపోతే ఆమెనే అడగండి. మిస్టర్ వుల్ఫ్ ఎవరో మీకు తెలియనట్టు నటించక్కర్లేదు, నిజంగానే ఇంకా చదవలేదు కదా. ఆమె ఊరుకోలేక ముందే చెప్పేస్తుంది. ఐదూ అయ్యాక, ఇతరులు రాసినవి మళ్లీ చూడకముందే, తన అభిప్రాయం ఒక నోటు పుస్తకంలో రాయమనండి. తెలుగులోనే రాయనివ్వండి, ఇంగ్లీషు పరీక్షలాగా అవ్వకూడదు. ఏ పేజీ దగ్గర నవ్వొచ్చింది, ఎక్కడ రచయిత మీద కోపమొచ్చింది, గారియన్ స్థానంలో తానుంటే రాజ్యం తీసుకునేదా అన్న మూడింటికి జవాబు రాసినా చాలు. ఆ కాగితం మీరు దిద్దకండి.

అంతకంటే ముందు, మూడో పుస్తకంలో బుక్‌మార్క్ ఎక్కడ ఆగిందో ఒకసారి చూడండి. గుర్రప్పిల్ల ఘట్టం ఇంకా రాకపోతే, అది దాటేదాకా చదివి తర్వాత నీ ఇష్టం అనండి. ఆ ఒక్క అధ్యాయం కావాలంటే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పైకి చదువుకోండి.